నక్షత్రముల వెలుగును కొలుచు విధము



సృష్టిని కొలువబూనినచో భక్తి సన్నగిల్లునని భయపడువారు కొందఱు గలరు. కొలిచి లెక్కవేసినంతమాత్రమున నిక విచారింపవలసినదేదియు లేదని తలచు విద్యావంతులును కొందఱు గలరు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని నాకు దోచుచున్నది. జ్యోతిశ్శాస్త్రజ్ఞులు నక్షత్రముల వెలుగు నేవిధముగ కొలిచి పోల్చుచున్నారో, ఆ పనిలో నే భ్రమలనుండి తమ్ము తాము కాపాడుకొనుచున్నారో, అందువలన మనము గ్రహింపదగిన ధర్మమేమో యీ యుపన్యాసమున విన్నవించుకొందును. ఇందులకై దూరదేశములకు పోనక్కరలేదు. మన సికింద్రాబాదు పొలిమేర నంటియున్న బేగంపేటలోనే యీ కార్యము దశాబ్దములపాటు జరిగినది.

పూర్వము 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున నివసించిన టోలెమీ తన గ్రంథమున వేయికి పైబడిన నక్షత్రములను పేర్కొని, వెలుగునుబట్టి వానిని ఆఱు తరగతులుగ విభజించెను. మిక్కిలి ప్రకాశించునవి మొదటి తరగతి. కంటికి కనబడీ కనబడకయుండునవి ఆఱవ తరగతి. కావున తరగతి సంఖ్య పెరిగినకొలది వెలుగు తగ్గునని గుర్తుంచుకొనవలెను. ఈ విభాగము కేవలము కంటిచూపుపై నాధారపడినది. కంటి స్వభావమెట్టిదో చూడుడు. చీకటిగదిలో ఒక దీపముండగా రెండవదానిని వెలిగించినచో భేదము వెంటనే తెలియును. నూఱు దీపములున్నచోట నూటయొకటవదానిని వెలిగించినచో నెవ్వరికిని తెలియదు. అనగా మన కన్ను వెలుగు ఎంత పెరిగినదో చూడదు. ఎన్ని రెట్లు పెరిగినదో చూచును.

ఈ సంగతిని గమనించి 1856లో నార్మన్ పాగ్సన్ అను ఆంగ్లేయుడు, 1వ తరగతి నక్షత్రము 6వ తరగతి నక్షత్రముకంటె సరిగా 100 రెట్లు వెలుగునదిగ నిర్ణయింపవలెనని సూచించెను. అట్లయినచో తరగతికిని తరగతికిని నడుమ భేదము 2.512 రెట్లగును, ఈ సంఖ్యను అయిదుమార్లు వేసి గుణించినచో 100 వచ్చును. ఈ కొలబద్దయే నేటికిని లోకమంతట వాడుకలోనున్నది. మొదటి తరగతిని మించి ప్రకాశించువానికి సున్నయు, సున్నకు దిగువ సంఖ్యలును వాడుదురు. రాత్రియాకాశమున నక్షత్రములన్నిటిలో మిక్కిలి వెలుగు లుబ్ధకము −1.46, పూర్ణచంద్రుడు −12.7, సూర్యుడు −26.7. చంద్రసూర్యుల నడుమ 14 తరగతుల భేదమున్నది. కావున మనకు కనబడు సూర్యుడు పున్నమచంద్రునికంటె సుమారు 4 లక్షల రెట్లు వెలుగుచున్నాడన్నమాట.

మన యిండ్లలో నెల్లరకు తెలిసిన యుదాహరణమును చెప్పెదను. వివాహములయందు వధూవరులకు అరుంధతిని చూపుట గలదు. అరుంధతి 4వ తరగతిది. దాని చెంతనుండు వసిష్ఠ నక్షత్రము 2వ తరగతిది. వసిష్ఠుడు ఆఱు రెట్లు వెలుగుటచేత, అరుంధతిని గుర్తించుటకు నిర్మలమైన యాకాశమును, నిదానమైన చూపును వలయును. అయినను పట్టపగలు ముహూర్తము జరిగినప్పుడు సయితము పురోహితుడు వ్రేలుచూపి “కనబడినదా?” యని యడుగును, వధూవరులు తలయూపుదురు. చూడనిదానిని చూచితిమని పెద్దల మెప్పుకొఱకు చెప్పుట గృహస్థాశ్రమమునకు మంచి యారంభమగునా యని మీరే యాలోచింపుడు. శాస్త్రజ్ఞుని మొదటి నియమము దీనికి విరుద్ధమైనది: చూచినదే వ్రాయుము, కనబడనిచో కనబడలేదని వ్రాయుము.

పాగ్సన్ 1861లో చెన్నపట్టణపు నక్షత్రశాల కధికారియై వచ్చి, 1891లో మరణించువఱకు నచ్చటనే పనిచేసెను. ఆయన సహాయకులలో చింతామణి రఘునాథాచారి గారొకరు. వారు 1867లో ఆర్ రెటిక్యులై యను నక్షత్రపు వెలుగు స్థిరముగ నుండక మాఱుచున్నదని కనుగొనిరి. మాఱునదని యెట్లు తెలియును? అందులకు తగిన యుపాయము మిక్కిలి సులభము. పరీక్షింపదగిన నక్షత్రమునకు సమీపముననే, వెలుగు ముందే నిశ్చయింపబడిన రెండు నక్షత్రములను ఎన్నుకొనవలెను. ఒకటి దానికంటె కొంచెము హెచ్చుగను, మఱియొకటి కొంచెము తక్కువగను ఉండవలెను. ఈ రెంటి నడుమ మన నక్షత్రము ఏ చోట నిలుచునో నిర్ణయించి, తేదీతోను గంటతోను వ్రాసికొనవలెను. ఒకనాటి లెక్కవలన నేమియు తెలియదు. నెలలతరబడి, సంవత్సరములతరబడి వ్రాసినచో సత్యము తనంతట బయలుపడును. స్థిరత్వమునకే పేరుపడిన ధ్రువనక్షత్రము సయితము, కంటికి తెలియనంత స్వల్పముగ, సుమారు నాలుగుదినముల కొకమాఱు హెచ్చుతగ్గులను పొందుచున్నదని ఇట్టి యోపికవలననే తేలినది.

ఇక మన బేగంపేట సంగతి. నవాబు జాఫర్ జంగ్ గారు 1901లో హైదరాబాదునందలి ఫిసల్‌బండలో తమ సొంతధనముతో నక్షత్రశాలను స్థాపించి, 15 అంగుళముల గ్రబ్ దూరదర్శినిని తెప్పించిరి. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. పిమ్మట అది బేగంపేటకు చేరినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు జెందినది. ఆ కాలమున ప్రపంచములోని నక్షత్రశాలలు కొన్ని కలిసి, ఆకాశమంతటిని ఫోటోగ్రాఫులుగ తీసి నక్షత్రముల పట్టికను తయారుచేయుటకు పూనుకొనినవి. ఆకాశమున కొంతభాగము నిజామియా నక్షత్రశాల వంతునకు వచ్చెను. ఛాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ గార్ల యాజమాన్యమున ఆ పని సాగి, 12 సంపుటములు ప్రకటింపబడినవి. అందు ఏడు లక్షలకు మించిన నక్షత్రముల కొలతలు గలవు. గాజుపలకపై వెలుగుగల నక్షత్రము పెద్దచుక్కగను, మసకనక్షత్రము చిన్నచుక్కగను పడును. ఆ చుక్క పరిమాణమునుబట్టి వెలుగును నిర్ణయించిరి. ఒక్కొక్క చుక్కను భూతద్దముతో చూచి కొలిచినవారి పేర్లు లోకమెఱుగదు.

ఇట్లు కొలుచునప్పుడు మూడు భ్రమలను తొలగించుకొనవలెను.

మొదటిది నడుమనున్న గాలివలని భ్రమ. అగస్త్యనక్షత్రము మన సికింద్రాబాదులో దక్షిణదిక్కున 20 అంశములకు మించి పైకి రాదు. దాని వెలుగు నడినెత్తిననున్న నక్షత్రపు వెలుగుకంటె సుమారు మూడురెట్లు గాలిని దాటి రావలెను. దుమ్మును తేమయు దానిని మసకబార్చును. కావున సమానమైన యెత్తున నున్నవానిని మాత్రమే పోల్చవలెను. లేదా గాలి హరించినదానిని లెక్కగట్టి తిరిగి చేర్చవలెను.

రెండవది చూచువాని స్వభావమువలని భ్రమ. పూర్వపు ఫోటోగ్రాఫు పలకలు నీలివెలుగును బాగుగ గ్రహించును. ఎఱుపును సరిగా గ్రహింపవు. అందుచేత కంటికి ఉజ్జ్వలముగ కనబడు ఎఱ్ఱని ఆర్ద్రానక్షత్రము ఆ పలకపై మిక్కిలి వెలవెలబోవును. పలక అబద్ధమాడలేదు, తనకు తెలిసినంతవఱకే చెప్పినది. దీనికి విరుగుడుగ శాస్త్రజ్ఞులు నియమితమైన రంగుటద్దములగుండ వెలుగును పంపి, ఒక్కొక్క రంగును వేఱువేఱుగ కొలుచుచున్నారు. నేడు పలకలకు బదులు విద్యుత్ గ్రాహకములు వచ్చి పడిన వెలుగురేణువులను లెక్కించుచున్నవి. అప్పుడును నక్షత్రము చుట్టునున్న ఆకాశపు వెలుగును కొలిచి తీసివేయుదురు. తెలిసిన నక్షత్రముతో పోల్చకుండ నేమాటయు చెప్పరు.

మూడవది దూరమువలని భ్రమ; ఇది యన్నిటికంటె పెద్దది. దీపమును రెట్టింపు దూరమునకు కొనిపోయినచో దాని వెలుగు నాలుగవవంతు మాత్రమే మనకు చేరును. లుబ్ధకము అగస్త్యునికంటె సుమారు రెండురెట్లు వెలుగునట్లు కనబడును. అయితే లుబ్ధకము మనకు 8.6 కాంతిసంవత్సరముల దూరమునను, అగస్త్యుడు సుమారు 310 కాంతిసంవత్సరముల దూరమునను ఉన్నవి. ఈ యన్యాయమును తొలగించుటకై, నక్షత్రములన్నియు 32.6 కాంతిసంవత్సరముల యొక్క దూరముననే యున్నట్లు భావించి లెక్కవేయుదురు. అప్పుడు అగస్త్యుడు లుబ్ధకమును వందలరెట్లు మించిపోవును. మన సూర్యుడో 4.8వ తరగతికి దిగి, నగరదీపముల నడుమ వెదకినను కనబడని చిన్న చుక్క యగును.

దూరమును తెలిసికొనుటకు ముఖ్యమైన త్రోవను చూపినది ఒక స్త్రీ. అమెరికాలోని హార్వర్డు నక్షత్రశాలలో స్వల్పవేతనమునకు ఫోటోగ్రాఫు పలకలను పరిశీలించు స్త్రీలలో హెన్రియెట్టా లీవిట్ ఒకతె. కొన్ని మాఱునక్షత్రములు ఎంత నిదానముగ మాఱునో అంత హెచ్చు వెలుగుగలవని యామె 25 నక్షత్రములను పరీక్షించి చూపెను. 1912లో ఆ ఫలితము ఆమె సిద్ధపఱచినదని తెలుపుచు అధికారి పేరిట ప్రకటింపబడెను. ఈ సూత్రమును పట్టుకొనియే 1923లో హబుల్ ఆండ్రోమెడా యందలి యొక మాఱునక్షత్రమును కనుగొని, అది మన పాలపుంతకు వెలుపలనున్న వేఱొక నక్షత్రలోకమని స్థాపించెను. ఆడుదానికి గణితమేలయని పలుకువారు మన యిండ్లలో నింకను లేకపోలేదు. విశ్వపు వైశాల్యమును కొలుచు బద్దను లోకమునకిచ్చిన దెవరో వారికి తెలుపుడు.

సోదరులారా! న్యాయవాదవృత్తియందున్న నాకు ఈ మూడు నియమములును చిరపరిచితములుగ తోచుచున్నవి. సాక్షి యెంతదూరమున నిలిచి చూచెను? నడుమ నేమి యడ్డము వచ్చెను? అతని కేయే విషయములయందు పక్షపాతము గలదు? ఈ ప్రశ్నలడుగక తీర్పుచెప్పు న్యాయాధిపతిని మనము క్షమింపము. కాని ప్రతిదినము మన తోడివారిపై మనమే అట్టి తీర్పులను చెప్పుచున్నాము. దగ్గఱనున్న ధనికుడు మనకు లుబ్ధకమువలె వెలుగును. తరతరములుగ మనమే దూరముగ నుంచిన కులమువాడు మసకచుక్కవలె కనబడును. ఆ దూరము వాని గుణము కాదు; మనము కల్పించినది. బాల్యమునుండి మనము పీల్చిన యాచారపు గాలి కొన్ని వెలుగులను హరించును. మన మనస్సనెడి పలక కొన్ని రంగులకే స్పందించును. నక్షత్రముపట్ల శాస్త్రజ్ఞుడు చేయు న్యాయమును మనుష్యునిపట్ల మనము చేయకుండుట తగునా?

మఱియొక్క మాట. నిజామియా సంపుటములు ముగిసిన తరువాత ననేక సంవత్సరములు వానిని తెఱచినవారు కొద్దిమంది. నగరదీపములు పెరిగి బేగంపేట యాకాశము మసకబాఱినది. 1960 దశకము చివర రంగాపురమునకు క్రొత్త దూరదర్శిని వెడలినది. ఆ పాతయావరణమున నేడు సాంఘికార్థిక పరిశోధనాసంస్థ పనిచేయుచున్నది. అయినను ఆ శ్రమ వ్యర్థము కాలేదు. ప్రపంచపు నక్షత్రశాలలన్నిటి పాత పట్టికలను ఉపగ్రహపు కొలతలతో పోల్చి, 2000లో 25 లక్షల నక్షత్రముల చలనమును లెక్కగట్టిరి. నూఱేండ్లనాటి స్థానము తెలియనిదే చలనము తెలియదుగదా! 2013లో పంపబడి 2025లో విశ్రమించిన గయా ఉపగ్రహము సుమారు 180 కోట్ల నక్షత్రములను పరిశీలించినది. అంతటి యంత్రమును చేయలేని పని యొకటి గలదు: గడచిపోయిన రాత్రులకు తిరిగివెళ్లి చూచుట. ఆ రాత్రులయందు మేల్కొని చూచినవారు బేగంపేటలో నుండిరి.

ఫలము తాము చూడమని యెఱిగియు, ఒక్క చుక్కనైనను తప్పుగ వ్రాయక పనిచేసిన ఆ యజ్ఞాతుల దీక్ష ఉపాసనము కాదని నేననజాలను. సత్యస్వరూపుడగు పరమేశ్వరుని స్తోత్రముచేయు నోటితోనే, చూడనిదానిని చూచితినని చెప్పకుండుట గూడ ఆయన యారాధనమే. కావున మహాశయులారా! నేటిరాత్రి మీ బిడ్డలను డాబాపైకి కొనిపోయి నక్షత్రములను చూపుడు. ఏది హెచ్చుగ వెలుగుచున్నదో వారినే చెప్పనిండు. మీరు చెప్పినదానికి భిన్నముగ వారు చెప్పినచో గద్దింపక, మఱియొక్కమాఱు వారితోగూడ చూడుడు.