అక్కరలేని బండి

అవసరం లేని వస్తువును కేవలం ముచ్చటపడి కొనుక్కోవటం తప్పా? డబ్బున్న ఇళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అక్కడ దాన్ని అభిరుచి అంటారు. అదే పని మనలో ఒకరు చేస్తే దుబారా అంటారు. ఇంకొంచెం కిందికి దిగి, అంత డబ్బు ఎక్కడిదని అడుగుతారు. ఒకే పనికి మనిషిని బట్టి ఇన్ని పేర్లు ఎందుకు మారుతున్నాయో ఆలోచించాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా చేతిలో ఉన్న ఉదాహరణ ఒక పాత బండి. నేను చీరాల దగ్గర మండల పరిషత్ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మాస్టర్ని, ఎరుకలవాణ్ణి. మూడేళ్ళు జీతంలో కొంత కొంత పక్కన పెట్టి, 1980ల నాటి మహీంద్రా పికప్ ఒకటి కొన్నాను. ముందు భాగం జీపు, వెనక సరుకు వేసుకునే తొట్టి. పర్చూరు, ఇంకొల్లు వైపు నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, పత్తి బోరాలు మోసి మోసి అలిసిపోయి, ఒక రైతు గొడ్లచావిడి పక్కన చింతచెట్టు కింద మూలపడిన బండి అది. దాన్ని విజయవాడ ఆటోనగర్‌కి చేర్చి, ఒక మేస్త్రి చేత బాగుచేయించిన తర్వాత నా చేతికొచ్చింది. తొట్టి అడుగున తుప్పు తిన్న రేకు తీసేసి టేకు పలకలు పరిపించారు. సీట్లు కొత్తగా కుట్టారు. ముదురు నీలం రంగు వేశారు. అది మన చీరాల మగ్గాల మీద చీర అంచుల్లో కనపడే నీలం.

పాత బండి కొనాలనుకునే వాళ్ళకు రెండు మాటలు. ముందు ఛాసీ నంబరు, ఇంజన్ నంబరు చేత్తో తడిమి, ఆర్సీలో ఉన్నవీ అవీ ఒకటేనా చూడండి. రంగు నిగనిగను నమ్మవద్దు. చిన్న అయస్కాంతం పెట్టి చూస్తే ఎక్కడ రేకు ఉందో, ఎక్కడ పుట్టీ పూసి మూసేశారో తెలిసిపోతుంది. వాడరేవు గాలికి ఇనుము తొందరగా పాడవుతుంది కాబట్టి మన తీరంలో తిరిగిన బండి అయితే కింద పడుకుని ఛాసీ, కమాన్ కట్టలు చూడాల్సిందే. మీరు వెళ్ళేసరికి ఇంజన్ వేడిగా ఉంటే, చల్లారేదాకా ఆగి మళ్ళీ స్టార్ట్ చేయమనండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని, నల్ల పొగ వస్తే డీజిలు సరిగా మండటం లేదని అర్థం. ఇవేవీ బడిలో నేర్పరు గానీ బడిలో నేర్పదగ్గవే. పైకి కనపడేదాన్ని నమ్మకుండా లోపలికి తొంగి చూడటమే కదా చదువంటే.

ఇక అసలు సంగతికి వద్దాం. బండి ఇంటి ముందుకు రాగానే మా పెదమామ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏరా అల్లుడూ, ఆ డబ్బుతో రెండు సెంట్ల స్థలం వచ్చేది గదరా. ఇది తిండి పెట్టదు, తాగేది మాత్రం తాగుద్ది" అన్నాడు. ఆయన మాటలో అసూయ లేదు. మన పేటల్లో ఒక్కడికి జీతం వస్తే అది పది ఇళ్ళకు గొడుగు. ఆసుపత్రికి అప్పు అడిగేదీ వాడినే, పిల్లకు హాస్టలు సీటు కావాలంటే తిరిగేదీ వాడే. ఆ గొడుగుకి రంగులేమిటి, జాలర్లేమిటి అన్నది పెదమామ ప్రశ్న. ఇది బరువైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా ముచ్చటను సమర్థించుకోలేం.

అవసరం అంటే ఏమిటన్నది ముందు తేల్చుకోవాలి. ఆడమ్ స్మిత్ 1776లో అచ్చయిన తన పుస్తకంలో నారబట్ట చొక్కా సంగతి రాశాడు. ప్రాచీన గ్రీకులు, రోమన్లు అలాంటి బట్ట లేకుండానే హాయిగా బతికారు. కానీ తన కాలానికి కూలివాడు సైతం ఆ చొక్కా లేకుండా నలుగురిలోకి రావటానికి సిగ్గుపడతాడు, కాబట్టి అది అవసర వస్తువే అన్నాడు. అంటే అవసరాన్ని కొలిచేది కడుపు ఒక్కటే కాదు, పక్కవాడి చూపు కూడా. ఊరూరా అంబేద్కర్ విగ్రహానికి కోటు ఎందుకుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. నిన్ను ఏది లేకుండా చూడాలని లోకం అనుకుందో, అది ధరించటం అవసరమే అవుతుంది.

బండి విషయంలో మనవాళ్ళ చరిత్ర ఇంకా లోతైనది. షెడ్యూల్డు తెగల జాబితాలో మన పేరు పక్కన దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల, ఉప్పు ఎరుకల అని ఉంటాయి. ఇవి ఎవరో పెట్టిన తిట్లు కావు. మనం చేసిన పనుల పేర్లు. వెదురు చీల్చి బుట్టలు అల్లినవాళ్ళున్నారు. సాలెవాళ్ళ పడుగుకి గంజి పట్టించే కుంచెలు కట్టినవాళ్ళున్నారు. తీరంలోని ఉప్పు కొటార్ల నుంచి ఉప్పు తీసుకుని గాడిదల మీద, ఎడ్ల మీద లోపలి ఊళ్ళకు చేరవేసి, అక్కడి ధాన్యం తెచ్చినవాళ్ళు ఉప్పు ఎరుకలవాళ్ళు. చినగంజాం ఉప్పు మడులు ఇవాళ్టికీ మనకు దగ్గరే. అంటే ఈ తీరాన సరుకు రవాణా మనకు కొత్త కాదు. ఒకప్పుడు మనవాళ్ళకూ బండి ఉంది, నాలుగు కాళ్ళ బండి.

అది పోవటానికి కారణాలున్నాయి. తెల్లదొరల ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టింది. కాలువల మీద పడవలు, తర్వాత పట్టాల మీద రైళ్ళు వచ్చి ఆ సరుకును ఎత్తుకుపోయాయి. జీవనాధారం పోయిన మనుషులు ఊరూరా తిరుగుతుంటే, తిరగటమే నేరమన్నారు. 1871లో మొదట వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పేరు రిజిస్టర్లో రాసి, వేలిముద్రలు తీసి, హాజరు వేసి, ఊరు దాటాలంటే చీటీ కావాలన్నారు. చీరాల, బాపట్ల మధ్య స్టూవర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పుట్టిన సెటిల్మెంటే. అక్కడివాళ్ళను చీరాల ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగానూ పంపారు. ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లో తీసేశారు, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అంటే మా తాతల కాలం దాకా మనం కదలాలంటే ఇంకొకరి సంతకం కావాలి.

ఇక జీపు సంగతి. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో పుట్టిన విల్లీస్ జీపు నుంచి వచ్చిన సంతతి ఇది. 1945లో మొదలైన మహీంద్రా సంస్థ యుద్ధం తర్వాత ఆ జీపులను బొంబాయిలో బిగించటం మొదలుపెట్టింది. ఆ తర్వాత దేశమంతటా అది ప్రభుత్వం ఎక్కి తిరిగే బండి అయింది. ఎన్నికలప్పుడు తప్ప మన పేటలోకి జీపు వచ్చిందంటే ఎవరినో తీసుకుపోవటానికేనని మన ఆడవాళ్ళకు తెలుసు. ఆ చప్పుడు వినపడితే మగవాళ్ళు వెనక తడిక దాటి తుమ్మల్లోకి పోయేవాళ్ళు. ఇప్పుడు అదే మొహం ఉన్న బండి మన గుమ్మం ముందు ఆగి ఉంటే, పిల్లలు దాని తొట్టిలో కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. ఈ సంగతికి రూపాయల్లో విలువ కట్టలేం. కానీ విలువ లేదని మాత్రం అనలేం.

అనుమానం పూర్తిగా పోలేదు. ఒక తనిఖీ దగ్గర బండి ఆపి, నా లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసిన తర్వాత కూడా, "బండి ఎవరిది?" అని అడిగారు. కాగితం మీద పేరుంది, నా మొహం ముందుంది. అయినా ఆ రెండూ ఒకటే అవటం వాళ్ళకు నమ్మశక్యంగా లేదు. అందుకే అంటున్నాను, మనవాడి ముచ్చట ఎప్పుడూ ముచ్చట ఒక్కటే కాదు. అందులో సాక్ష్యం చెప్పటం కూడా ఉంది.

ఇంకో ప్రశ్న చదువుకున్న మిత్రుల నుంచి వచ్చింది. పలకలు మార్చావు, సీట్లు మార్చావు, రంగు మార్చావు, ఇంకా అది పాత బండి ఎలా అవుతుంది అని. పూరీలో రథాలను ఏటా కొత్త చెక్కతో కడతారు. అయినా జగన్నాథుడి రథం పేరు నందిఘోషే. అది నకలని ఎవరూ అనరు. కొనసాగే పని వల్ల, గుర్తుంచుకునే మనుషుల వల్ల వస్తువుకు పేరు నిలుస్తుంది, కొయ్య వల్ల కాదు.

చట్టం కూడా ఈ విషయంలో ఒక గీత గీసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవచ్చు, కానీ ఆర్సీలో రాయించాలి. అందుకే మేస్త్రి పెద్ద టైర్లు, వేరే ఇంజను వేద్దామన్నా నేను ఒప్పుకోలేదు. రోడ్డు మీద ఎదురొచ్చే వాడి ప్రాణం నా ముచ్చటకన్నా పెద్దది. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ అని ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చారు. అలాంటి బండికి ఛాసీ, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. దాన్ని రోజువారీ పనికి, వ్యాపారానికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకు తీసుకుపోవచ్చు.

బండికి ఈ నియమం బాగానే ఉంది. కానీ లోకం ఇదే నియమాన్ని మన మీద కూడా పెడుతోంది. ఆదివాసీ దినోత్సవం రోజు మనం ఈకలు పెట్టుకుని డప్పు కొడితే అసలైన ఆదివాసీలం. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికి వెళితే, "మీరు ఎస్టీలా కనపడరే" అంటారు. అంటే మార్పు లేకుండా ఉండాలి, రోజువారీ రోడ్డు మీద కనపడకూడదు, పండగనాడు ప్రదర్శనకు మాత్రం రావాలి. మనం వింటేజ్ బండ్లం కాదు. మన ఇళ్ళల్లో ఎరుకల భాష మాట్లాడతాం, బయట తెలుగు మాట్లాడతాం, ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొడతాం. ఏం మార్చుకోవాలో, ఏం ఉంచుకోవాలో తేల్చుకునే హక్కు బండి నడిపేవాడిది. అయితే బండికి ఛాసీ నంబరు ఉన్నట్టే మనకూ చెరపకూడనివి ఉన్నాయి. మన భాష అందులో మొదటిది. పిల్లలు దాన్ని సిగ్గుపడి దాచుకుంటున్నారు. రంగు పోతే మళ్ళీ వేయించుకుంటాం, ఆ నంబరు అరిగిపోతే ఏ ఆఫీసూ తిరిగి కొట్టి ఇవ్వదు.

ఇంత చెప్పినా పెదమామ ప్రశ్న అక్కడే ఉంది. చరిత్రలో మనకు అన్యాయం జరిగింది కాబట్టి ఏం కొన్నా న్యాయమే అనటం తేలిక. అలా అంటే ఆత్మగౌరవం పేరుతో ఎంత అప్పయినా చేయొచ్చు. మన పేటల్లో పెళ్ళిళ్ళకు, చావులకు చేసే అప్పులు ఆ పేరుతోనే పెరుగుతున్నాయి. కాబట్టి ముచ్చటకు కొలతలు ఉండాలి. నాకు తోచినవి మూడు. ఒకటి, అది అప్పు మీద రాకూడదు. వడ్డీ కట్టే ముచ్చట మనది కాదు, వడ్డీ వ్యాపారిది. రెండు, అది ఇంట్లో ఇంకొకరి వంతు తినకూడదు. పిల్లల చదువు, ముసలివాళ్ళ మందులు, చుట్టాల ఆపద, ఇవి తీరిన తర్వాతే దాని వంతు. మూడు, దాన్ని చూసి పక్కవాడు కుంగిపోకూడదు, ఎక్కి కూర్చోగలగాలి. తొట్టి ఉన్న బండిలో ఈ మూడోది తేలిక. కారులో నలుగురు కూర్చుంటే తలుపు వేసేస్తారు. పికప్ తొట్టికి తలుపు వెనక ఉంటుంది, అది దించితే ఎవరైనా ఎక్కొచ్చు. మా పేటలో వెదురు తేవాలన్నా, ఇల్లు మారాలన్నా ఇప్పుడు ఆ బండే వెళుతోంది, డీజిలు డబ్బు కూడా నేను అడగను.

ఒక లెక్క మాత్రం ఈ మూడింటికీ లొంగదు. పాత ఇంజను పొగ ఎక్కువ వదులుతుంది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు బీఎస్-6 ప్రమాణాలు పెట్టింది ఆ పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోకూడదనే. ఉన్న వస్తువును బాగుచేసి వాడటం కొత్తది తయారు చేయించటం కన్నా మేలని వాదించవచ్చు. ఆ వాదనలో నిజం ఉంది. కానీ బడి ముందు నిలబడి నల్ల పొగ వదిలే బండికి అది జవాబు కాదు. కాబట్టి దాన్ని తక్కువ తిప్పుతున్నాను, ఇంజక్టర్లు సమయానికి చూపిస్తున్నాను. బడికి సైకిలు మీదే పోతున్నాను. ముచ్చటకు ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు మన జేబులోంచే పోవాలి, ఊరి గాలిలోంచి కాదు.

అవసరాలు తీర్చటం ప్రభుత్వ పథకాలు చేసే పని. బియ్యం, ఇల్లు, పింఛను ఇవన్నీ మనకు దక్కాల్సినవే, పోరాడి తెచ్చుకోవాల్సినవే. కానీ ఏ పథకంలోనూ ముచ్చట అనే గడి ఉండదు. ఆకలి తీర్చితే చాలు, మనిషికి అంతకు మించి ఏమీ అక్కర్లేదని అనుకునే చోట మనిషిని పూర్తి మనిషిగా లెక్కపెట్టలేదని అర్థం. ఆకలితో ఉన్నవాడు కూడా బుట్ట అంచుకి ఒక రంగు పట్టీ వేసి అల్లాడు. ఆ పట్టీ వల్ల బుట్టలో ఒక గింజ కూడా ఎక్కువ పట్టదు. అయినా మన అవ్వలు దాన్ని మానలేదు. మనం బీదవాళ్ళమే గానీ, అందం తెలియని వాళ్ళం ఎప్పుడూ కాము. ఆ రంగు పట్టీకి ఏ న్యాయం వర్తిస్తుందో, కష్టార్జితంతో కొని, నలుగురిని ఎక్కించుకుని తిప్పే నీలం బండికీ అదే న్యాయం వర్తిస్తుంది.