గిన్నెడు చన్నీళ్లు
(మత్తయి 10:42)

1944లో అమెరికా దేశపు న్యూజెర్సీ రాష్ట్రములో, ఈస్ట్ ఆరెంజ్ అను పట్టణమున, ఉన్నత పాఠశాల బాలికలు కొందరు ఆసుపత్రిలో జీతము లేక సేవచేయ పూనుకొనిరి. వారు కుట్టుకొనిన ఎఱ్ఱ తెలుపు చారల బట్టలు మిఠాయి కడ్డీవలె ఉండుటచేత ‘క్యాండీ స్ట్రైపర్లు’ అను పేరు వచ్చెను. మందిచ్చుట వారి పని కాదు. నీళ్లందించుట, ఉత్తరములు చదివి వినిపించుట వంటివే.

చారల బట్టలు మనకేల? ఆ పని మాత్రము మనకు కావలెను. రోగి వెంట ఇంటివారుండుట మన వాడుక. అయితే పాలమూరు, నల్లగొండ పల్లెలనుండి కొడుకులు, కోడండ్రు దూరదేశము వలసపోయినప్పుడు ముసలితల్లి వెంట ఎవరుందురు?

మేమొక అవ్వ మంచమునొద్ద నిలిచి దీర్ఘముగా ప్రార్థించితిమి. ఆమేన్ అనగానే ఆమె, “అయ్యా, జర నీళ్లు ఇస్తరా?” అనెను. చెంబు ఆమె చేతికందని కిటికీలో నుండెను. మేము దానిని చూడనేలేదు. తల వంచుకొంటిమి. మాతో వచ్చిన ఆదివారపు బడి పిల్ల చూచినది. నీళ్లు ఇయ్యవచ్చునా అని నర్సమ్మ నడిగి, అప్పటికే చెంబు నింపుచుండెను.