మూడు మాత్రలు

సంక్రాంతికి తెనాలిలో ఐదు రోజులుండి, ఆరో రోజు తెల్లవారుజామున హైదరాబాద్ చేరిన ఆమె బ్యాగు కూడా విప్పకుండా వంటింటి గూట్లోని మందుల డబ్బా తీసింది. కుక్కకు ఆ పూట మాత్ర వెయ్యాలి. వెళ్లేముందు డబ్బాలో పది మాత్రల స్ట్రిప్పు ఒకటి పెట్టి వెళ్లింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులకు పది. ఖాళీ స్ట్రిప్పు ఉండాల్సిన చోట ఇంకా మూడు మాత్రలున్నాయి. రేకు మీది బుడిపెల్ని బొటనవేలితో ఒక్కొక్కటే తడిమి చూసింది. మూడే.

ముందు తన లెక్కనే అనుమానించింది. పాత స్ట్రిప్పులో మిగిలినవేమోనని చెత్తబుట్ట కూడా వెతికింది. ఆ తర్వాత ఫోన్ తీసి, కుక్కను చూసుకోవడానికి కుదుర్చుకున్న అమ్మాయి రోజూ రెండు పూటలా పంపిన ఫొటోల్ని వరసగా చూసుకుంటూ వచ్చింది. ఊళ్లో ఉండగా అవి చూసి ఎంత నిశ్చింతగా ఉందో! భోగిమంట దగ్గర కూర్చుని అమ్మకు కూడా చూపించింది. ఈసారి కుక్కను కాదు, గిన్నె కింద పరిచిన పేపర్ని చూసింది. కుక్క తినేటప్పుడు సగం కిందే పోస్తుంది కాబట్టి పూటపూటకీ పేపర్ మార్చమని చెప్పింది. పన్నెండో తేదీ రాత్రి ఫొటోలో నగల దుకాణం ప్రకటన ఉంది, దాంట్లోని హారం మీద తడి మరక ఉంది. పదమూడు, పద్నాలుగు, పదిహేను రాత్రుల ఫొటోల్లోనూ అదే ప్రకటన, అదే హారం, అదే మరక. కుక్క మాత్రం ఒకదాంట్లో తలెత్తి, ఒకదాంట్లో తల దించి ఉంది. అమ్మాయి ఒకే రాత్రి నాలుగు ఫొటోలు తీసి, రోజుకొకటి చొప్పున పంపింది.

నేరేడు ఒకప్పుడు వీధికుక్క. నల్లగా నిగనిగలాడుతుందని ఆ పేరు. మూడేళ్ల వయసులో మొదటిసారి దానికి మూర్ఛ వచ్చింది. ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయి, నాలుగు కాళ్లతో గాల్లో ఈదుతున్నట్టు కొట్టుకుంటూ, నోటి వెంట నురగ కక్కుతూ రెండు నిమిషాలు. డాక్టరు ఫీనోబార్బిటాల్ మొదలుపెట్టారు. మందుల షాపులో గార్డినాల్ అంటే తెలుస్తుంది. మనుషుల మూర్ఛకు వందేళ్లకు పైగా వాడుతున్న మందే. రక్తంలో ఇది ఒక నిలకడ స్థాయికి చేరడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. పన్నెండు గంటలకోసారి మాత్ర వేస్తూ ఆ స్థాయిని పడిపోకుండా కాపాడుకోవాలి. హఠాత్తుగా మానేస్తే మానెయ్యడమే మూర్ఛకు కారణం కావచ్చు. ఒకసారి మొదలైన మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే, ‘ఏమీ కాలేదుగా, ఇంక వదిలెయ్’ అని ఇంట్లోవాళ్లు అన్నప్పుడు ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. ఏమీ కాలేదని చూసి చెప్పేవాళ్లెవరు? బాల్కనీ తలుపు వెనక ఎండిపోయిన మరక ఒకటి కనిపించింది. సాయంత్రం బయటికి తీసుకెళ్లే మనిషి లేక, ఆపుకోలేక అక్కడ పోసి ఉండొచ్చు. మూర్ఛలో ఒళ్లు తెలియక పోయి ఉండొచ్చు. మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో తుడుస్తున్నంతసేపూ నేరేడు పక్కనే నిలబడి ఆమె చెవి నాకుతూనే ఉంది.

అనెట్ బేయర్ అనే తత్వవేత్త ఉండేవారు. పుట్టింది న్యూజీలాండ్‌లో, చాలా ఏళ్లు పాఠాలు చెప్పింది అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో. 1986లో ఆమె నమ్మకం మీద రాసిన వ్యాసాన్ని నీతిశాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ వెనక్కి వెళ్లి చూస్తుంటారు. నమ్మడమంటే మనకు ప్రాణమైనదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి, వాళ్లు దానికి హాని చేయగలరని తెలిసి కూడా చెయ్యరులే అనుకోవడం అంటారు బేయర్. ఒకరి మీద ఆధారపడటం వేరు, నమ్మడం వేరు అని చెప్పడానికి కాంట్‌ను తీసుకొచ్చారు. కోనిగ్స్‌బర్గ్‌లో కాంట్ రోజూ ఠంచనుగా ఒకే వేళకు నడకకు బయల్దేరేవాడు, ఇరుగుపొరుగు ఆయన్ని చూసి టైము తెలుసుకునేవాళ్లు. ఒకరోజు ఆయన నిద్ర లేవకపోతే వాళ్లు ఇబ్బంది పడొచ్చు గానీ, కాంట్ మాకు అన్యాయం చేశాడని అనుకోరు. ఆయన వాళ్లకు మాటేమీ ఇవ్వలేదు. తాళంచెవి తీసుకున్న అమ్మాయి మాట ఇచ్చింది. గుండెలో కలుక్కుమన్నది అక్కడే.

ఆమె చిన్నప్పుడు ఊళ్లో గేదెల్ని కాపరికి అప్పజెప్పేవాళ్లు. పొద్దున తోలుకెళ్లేవాడు, చీకటి పడేముందు తోలుకొచ్చేవాడు. రోజంతా ఏం చేశాడని ఎవరూ అడిగేవాళ్లు కాదు. సాయంత్రం డొక్కలు చూస్తే మేశాయో లేదో తెలిసిపోయేది. చెంబు పట్టుకుని కూర్చుంటే పాలే చెప్పేవి. పైగా ఏ గట్టు మీద పడుకున్నాడో, ఎవరి చేలో పడేశాడో నలుగురు చూసేవాళ్లు. మేకల్ని పెంపకానికి ఇస్తే పుట్టిన పిల్లల్లో పెంచినవాడికీ వాటా ఉండేది, కాబట్టి ఈతకు వచ్చిన మేకను వాడు కంటికి రెప్పలా చూసుకునేవాడు. ఆ నమ్మకానికి ఇన్ని దన్నులుండేవి. నాలుగో అంతస్తులో తాళం వేసిన ఫ్లాటుకు గట్టూ లేదు, నలుగురూ లేరు. గ్లూకోజు బిస్కెట్లు పడేసినా కుక్క డొక్క నిండుగానే కనిపిస్తుంది. మాత్ర పడిందీ లేనిదీ దాని ఒంటి మీద రాసి ఉండదు.

మొదటి రెండు రోజులూ ఆమె నేరేడు మొహంలోకి చూస్తూ గడిపింది. దిగులుగా ఉందా? భయపడుతోందా? అది మామూలుగానే తోక ఊపింది. మనం కుక్క మొహంలో చదివేది చాలావరకు మనం రాసుకున్నదే అనడానికి గట్టి ఆధారమే ఉంది. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. తప్పు చేసిన కుక్క చెవులు వాల్చి, చూపు తిప్పుకుని ‘తప్పయిపోయింది’ అన్నట్టు పెట్టే మొహం తప్పు చేసినందువల్ల వచ్చేది కాదట, యజమాని కసిరినందువల్ల వచ్చేదట. ఏ తప్పూ చెయ్యని కుక్కను కసిరినా అదే మొహం. కుక్క సాక్ష్యం చెప్పదు. చెబుతోందని మనకు అనిపించినా దాని మీద తీర్పు ఇవ్వలేం.

నన్నయ భారతం మొదట్లోనే ఒక కుక్క న్యాయం అడగడానికి రాజు దగ్గరికి వెళ్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోట సరమ అనే దేవశుని కొడుకు ఆడుకుంటుంటే, రాజు తమ్ముళ్లు అకారణంగా కొడతారు. పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. తల్లి నేరుగా జనమేజయుడి ముందుకొచ్చి, సాధువుల్నీ దిక్కులేనివాళ్లనీ బాధపెట్టేవాళ్లకు అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్లిపోతుంది. చక్రవర్తి హడలిపోయి, ఆ దోషం పోగొట్టే పురోహితుణ్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. కాలేజీలో పాఠంగా చదువుకున్నప్పుడు ఆమె ఇందులో శాపాన్నే చూసింది. ఇప్పుడు తల్లి కనిపించింది. కొట్టినవాళ్లెవరో పిల్ల వచ్చి చెప్పగలిగింది, పిల్ల మాటను తల్లి మోసుకెళ్లగలిగింది. నేరేడు తరఫున మాట మోసుకొచ్చే బాధ్యత ఆ ఐదు రోజులూ అమ్మాయిదే. ఏడు సార్లు వచ్చి మాత్ర వేసిన మనిషే మూడు సార్లు ఆ మాటను తప్పుగా మోసింది. రాకపోవడం ఒక లోటు. వచ్చానని చూపించడంతో కుక్కకు మిగిలిన ఒకే ఒక దారి కూడా మూసుకుపోయింది. ఆ మూడు సాయంత్రాలు ఫొటో రాకపోయి ఉంటే, తెనాలి నుంచి ఒక్క ఫోన్ కొడితే పక్క ఫ్లాటు పెద్దావిడ తలుపు తీసి ఉండేవారు.

చట్టం కూడా ఈ బాధ్యతను యజమాని దగ్గర ఆపదు. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ పట్టుబట్టి ప్రైవేటు బిల్లు పెట్టడంతో దారి పడిన జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్లు దాని క్షేమం చూడాలని అందులోని మూడో సెక్షన్. అంటే తాళంచెవి చేతిలో ఉన్నంతసేపూ ఆ అమ్మాయిదే భారం. తిండీ నీళ్లూ నీడా లేకుండా వదిలేసిన యజమానికి మొదటి తప్పు కింద ఆ చట్టం రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. ఆమెకు కేసు ఆలోచనే లేదు. ఆమె తేల్చుకోవాల్సింది ఒకటే, ఉగాదికి మళ్లీ ఊరెళ్లాలి, ఆ తాళంచెవి ఎవరికివ్వాలి.

వారం తర్వాత అమ్మాయిని పిలిచింది. డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటుంది, స్కూటీ మీద తిరుగుతుంది. నేరేడు అమ్మాయిని చూడగానే ఎగిరి మీద పడింది. ఆమె స్ట్రిప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్క మాటా అనలేదు.

“అక్కా, పండుగకు ఎనిమిది ఇండ్లు ఒప్పుకున్న,” అంది అమ్మాయి చాలాసేపటికి. “మియాపూర్ల ఒకటి, ఎల్బీ నగర్ల ఒకటి. చేస్తననుకున్న. చేతకాలే.”

“మొదటిరోజే నాలుగు ఫొటోలు ఎందుకు తీశావు?”

“మొదటి దినమే ఎరుకైంది, నాతోని కాదని.”

“మరి అప్పుడే ఫోన్ చెయ్యొచ్చుగా?”

“చేస్తే మళ్ల పిలవరనుకున్న.”

నిజమే, పిలిచేది కాదు. పండగ ముందు రోజు కాళ్ల కింద భూమి లాగేసిందని నలుగురితో చెప్పుకుని, నంబరు తీసేసి ఉండేది. అది మనసులో ఒప్పుకుంటుండగానే అమ్మాయి ఇంకో మాట అంది. “పొద్దుగాల వస్తున్న కదా, ఒక్క మాత్ర తప్పితే ఏం కాదనుకున్న. బలానికి ఇస్తున్నరు అనుకున్న.”

ఫ్రిజ్ మీద తాను అతికించి వెళ్లిన కాగితం ఇంకా అక్కడే ఉంది. ‘మాత్ర – పొద్దున 8, రాత్రి 8’. అంతే రాసింది. మూర్ఛ అన్న మాట అందులో ఎక్కడా లేదు. మర్చిపోయి కాదు. మూర్ఛ ఉన్న కుక్క అంటే అమ్మాయి ఒప్పుకోదేమో, ఎక్కువ అడుగుతుందేమో అని ఆ మాట నోటి దాకా వచ్చినా ఆపుకుంది. చెబితే పని పోతుందని అమ్మాయి దాచింది. చెబితే పని జరగదని ఈమె దాచింది. ఇద్దరి భయానికీ మధ్య నేరేడు మూడు రాత్రులు మందు లేకుండా పడుకుంది.

ఇది తెలిశాక అమ్మాయి తప్పు ఆమెకు చిన్నదిగా ఏమీ కనిపించలేదు. మాత్ర దేనికో తెలియనివాళ్లు మాత్రను తేలిగ్గా తీసుకోవచ్చు. నాలుగు ఫొటోలు తీసేటప్పుడు మాత్రం ఏం చేస్తున్నదీ పూర్తిగా తెలుసు, కుక్కను తలెత్తించి ఒకటి, తల దించేదాకా ఆగి ఒకటి తీసింది. ఈ రెండింటినీ ఒకే తూకంలో వెయ్యకూడదని ఆమెకు గట్టిగానే అనిపించింది.

కెమెరా పెట్టించుకోమని చాలామంది చెప్పారు. నిజమే, తలుపు ఎన్నింటికి తెరుచుకుందో అది చెబుతుంది. బ్రిటన్ తత్వవేత్త ఒనోరా ఓనీల్ 2002లో బీబీసీ రీత్ ప్రసంగాల్లో ఈ నిఘా ధోరణి గురించే మాట్లాడారు. లెక్కలు, తనిఖీలు, పారదర్శకత పెంచుకుంటూ పోతే నమ్మకం దానంతటదే పెరగదని, నమ్మకానికి అసలు శత్రువు గోప్యత కాదు, మోసమని ఆమె వాదన. ఫొటోలు పంపమన్నదీ తనిఖీ కోసమే కదా. ఆ తనిఖీలోంచే అబద్ధం పుట్టింది. హాల్లో కెమెరా ఉంటే అమ్మాయి వేళకు రావచ్చు, మాత్ర పెరుగన్నంలో పెట్టి గిన్నె ముందు ఉంచి వెళ్లిపోవచ్చు. నేరేడు అన్నం తిని మాత్రను నాలుకతో పక్కకు నెట్టేస్తుంది, దానికి ఆ విద్య బాగా తెలుసు. దవడ పట్టుకుని, మింగేదాకా గొంతు నిమురుతూ కూర్చునే మనిషి కావాలి. ఆ ఓపికను కెమెరా పట్టుకోగలదేమో గానీ పుట్టించలేదు.

ఉగాదికి వారం ముందు కొత్త కాగితం రాసింది. మూర్ఛ అని పెద్ద అక్షరాలతో రాసింది. వస్తే ఎలా ఉంటుందో, ఐదు నిమిషాలు దాటితే ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలో, పక్క ఫ్లాటు పెద్దావిడ నంబరు ఏమిటో అన్నీ రాసింది. అమ్మాయి చేత మాత్ర వేయించి చూసింది. రెండు రోజుల ప్రయాణమే కాబట్టి ఇస్తున్నానని, పండక్కి మూడిళ్లకు మించి ఒప్పుకోవద్దని మొహం మీదే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది, దీనికే ఇంట్లో పెద్ద గొడవైంది: రాలేనని వేళకు ముందే చెప్పిన పూటకు కూడా మామూలుగా ఇచ్చే 300 రూపాయలూ ఇస్తానంది. రాని మనిషికి డబ్బేమిటని భర్త అడిగాడు. ఆమె పట్టు వదల్లేదు.

రెండో రోజు సాయంత్రం ఆరున్నరకు తెనాలిలో ఫోన్ మోగింది. “అక్కా, బండి ఆగిపోయింది, నాగోల్ల ఉన్న. ఎనిమిదింటికి అందుకోను. ఇప్పుడే చెప్తున్న.” ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. గొంతులో అది దాచుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. సరేనని పెట్టేసి పెద్దావిడకు ఫోన్ చేసింది. అరగంట తర్వాత ఆవిడ నుంచి కబురు: “వేశానమ్మా. ఒకసారి ఉమ్మేసింది, మళ్లీ వేశాను. మింగింది. నోరు తెరిచి చూశాను.”

తిరిగొచ్చాక స్ట్రిప్పు తీసి చూసింది. లెక్క సరిపోయింది. అయినా బుడిపెల్ని ఇంకోసారి తడిమింది.

మే నెలలో పది రోజుల ప్రయాణం ఉంది. దాని గురించి ఆమె ఇంకా ఎవరితోనూ అనలేదు. నిన్న అమ్మాయే మెసేజ్ పెట్టింది, ఎండాకాలం సెలవులకు వేరే ఇళ్లవాళ్లు అడుగుతున్నారట: “మీకు కావాల్నో వద్దో చెప్తే, దాన్ని చూసి వాళ్లకు చెప్త అక్కా.” ఆమె ఆ మెసేజ్‌ను రెండుసార్లు చదివి, గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లి నిలబడింది. నేరేడు వెనకే వచ్చి ఆమె పాదాల మీద తల పెట్టుకుని పడుకుంది. రాత్రి ఎనిమిదవడానికి ఇంకా పది నిమిషాలుంది.