తెలివిలో ఉండటం

మూర్ఛ నుంచి తేరుకున్న మనిషికి "తెలివొచ్చింది" అంటాం. లెక్కలు చకచకా చేసే పిల్లాణ్ణి "తెలివైనవాడు" అంటాం. రెండుచోట్లా ఒకటే మాట. ఇది ఊరికే జరిగింది కాదేమో. తెలివంటే ముందుగా మెలకువ, ఎదురుగా ఉన్నదాన్ని గమనించగలగడం. ఎంత తెలుసన్నది ఆ తర్వాతి సంగతి.

కొలవాల్సి వచ్చినప్పుడు మాత్రం మనం మెలకువను వదిలేసి జవాబును కొలుస్తాం. ర్యాంకు, స్కోరు, ఎన్ని నిమిషాల్లో చేశాడు... ఇంతే. ఆ జవాబు ఎక్కణ్ణుంచి వచ్చిందో జవాబును చూసి చెప్పలేం.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. రెండూ మూడూ ఎంత అంటే గిట్టతో ఐదుసార్లు నేలను తట్టేది. 1904లో పండితుల బృందమొకటి పరీక్షించి ఇందులో మోసమేమీ లేదని తేల్చింది. తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పరీక్షను కాస్త మార్చాడు: జవాబు తెలియని మనిషి చేత ప్రశ్న అడిగించాడు. గుర్రం తడబడింది. అసలు జరుగుతున్నదేంటంటే, సరైన అంకె రాగానే అడిగినవాళ్ళ తల తమకే తెలియకుండా రవ్వంత కదిలేది. గుర్రం అది చూసి ఆగేది.

గుర్రానికి లెక్కలు రావు, జనం భ్రమపడ్డారు అని ఈ కథను ముగిస్తుంటారు. నిజమే. కానీ అంతమంది పండితుల కంటికి ఆననిదాన్ని ఒక గుర్రం పట్టుకుంది కదా! దానికున్న తెలివి వేరే. మనం అడిగిన ప్రశ్నలో దానికి చోటు లేదు.

అలాగని గమనిస్తే చాలనీ అనలేం. ఎదుటిమనిషికి జవాబు తెలియకపోతే హాన్స్‌కు దారి లేదు. దారి మూసుకున్నప్పుడు ఏం చేస్తామన్నది తెలివిలో రెండో సగం. దీనికి మన దగ్గర చక్కటి పరీక్ష ఉంది: అవధానంలో నిషేధాక్షరి. అవధాని "శ్రీ" అనగానే పృచ్ఛకుడు "ర" నిషేధించాడనుకుందాం. రాముడి వైపు దారి పోయింది. గణమూ యతీ చెడకుండా, అర్థం చెదరకుండా అప్పటికప్పుడు ఇంకో దారి వెతుక్కోవాలి. బట్టీ పట్టిన పద్యమేదీ అక్కడ ఆదుకోదు.

ఇందులో నాకు ఎక్కువ నచ్చేది పృచ్ఛకుడి పని. అవధాని మనసు ఎటు పోతోందో పసిగడితే తప్ప సరైన అక్షరాన్ని ఆపలేడు. అంటే ఎదుటివాడి తెలివి చూడాలంటే అడిగేవాడూ తెలివిలో ఉండాలి.

ఇప్పుడు యంత్రాల గురించి ఇదే గొడవ. అడిగినదానికల్లా జవాబు చెబుతోంది కాబట్టి తెలివుందని కొందరు, అదంతా ఉత్త అనుకరణేనని కొందరు. ఈ చాట్‌బాట్‌లు వాడేవాళ్ళకు తెలుసు: సరైన జవాబే ఇచ్చాక కూడా "తప్పేమో చూడు" అంటే కొన్నిసార్లు క్షమాపణ చెప్పి మాట మార్చేస్తాయి. అప్పుడు నాకు హాన్సే గుర్తొస్తుంది. తీర్పు చెప్పే ముందు ఫుంగ్‌స్ట్‌లా ప్రశ్న మార్చి చూడాలి, మన తల ఎక్కడ కదులుతోందో కూడా చూసుకోవాలి.

యంత్రం సంగతి సరే, దానికి మన తీర్పుతో పనిలేదు. మనుషులకు ఉంది. ఉద్యోగంలో భాగంగా నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. కొందరు ప్రశ్న పూర్తికాకముందే కోడ్ మొదలుపెడతారు. ఒక్క షరతు మారిస్తే ఆగిపోతారు. ఇంకెవరో ఒకమ్మాయి తడుముకుంటూ, సగం తెలుగులో, "ఈ డేటా అసలు ఎక్కణ్ణుంచి వస్తుంది సార్?" అని తిరిగి అడుగుతుంది. సమస్య మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంటుంది. కానీ మేం నింపే ఫారంలో దానికి గడి లేదు. "కమ్యూనికేషన్" అనే గడి ఉంది. అక్కడ తక్కువ మార్కులు పడతాయి, ఆ అమ్మాయి ఇంటికి పోతుంది.

"వాడికి తెలివి లేదు" అనడం చాలా తేలిక. ఆ మాట అనేముందు మనల్ని మనం అడగాల్సింది ఒకటుంది: ఆ కాసేపూ మనం తెలివిలోనే ఉన్నామా?