మనసుకు తగిలిన గాయం ఈమాన్ లోపమా?

కొన్నేళ్ల క్రితం నేను ఒక చిన్న పట్టణంలో ఇమామత్ చేస్తున్న రోజుల్లో, ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత ఒక యువకుడు అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరికొచ్చాడు. అంతకు ఏడెనిమిది నెలల ముందు అతను తమ్ముణ్ణి వెనుక కూర్చోబెట్టుకుని మోటారు సైకిలుపై వస్తుండగా హైవే మీద లారీ వెనుక నుంచి గుద్దింది. తమ్ముడు అక్కడికక్కడే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. ఇతనికి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. కాలు బాగుపడింది. "కానీ హజ్రత్, లారీ హారన్ వినబడితే ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి. కళ్లు మూస్తే అదే రోడ్డు. మధ్య సఫ్‌లో నిలబడితే ఊపిరి ఆడటం లేదు, తలుపు దగ్గరే నిలబడుతున్నాను. జుమాకు ఆ రద్దీలో అసలు రాలేకపోతున్నాను. నా ఈమాన్ పోయిందా?" అని అడిగాడు.

"సహనం వహించు. అల్లాహ్ నిర్ణయానికి మనస్ఫూర్తిగా తలవంచిన వాణ్ణి భయం పట్టి పీడించదు. ఖుర్ఆన్ పారాయణం పెంచు" అన్నాను. అతను "జీ హజ్రత్" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మసీదు గడప తొక్కలేదు. చాలా రోజులకు అతని తండ్రి బజారులో కనబడి, "మీరు కూడా వాడి విశ్వాసం బలహీనమన్నారట కదా మౌలానా సాబ్, అప్పట్నుంచి వాడు గది దాటడం లేదు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువగా కలచివేసింది.

సహనం వహించమనడంలో తప్పులేదు. పారాయణం పెంచమనడంలో అసలే తప్పులేదు. తప్పంతా ఆ మధ్య మాటలో ఉంది. భయం ఉన్నచోట విశ్వాసం లేదన్న మాట ఖుర్ఆన్‌లో లేదు, హదీసులో లేదు. అది మన నోటి నుంచి పుట్టిన మాట.

దివ్యఖుర్ఆన్‌లో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) వృత్తాంతం చూడండి. కుమారుణ్ణి తోడేలు తిన్నదని విన్నప్పుడు ఆయన నోటి నుంచి వెలువడినది 'సబ్రె జమీల్', అంటే సుందరమైన సహనం అన్న మాట. ఏళ్లు గడిచి రెండో కుమారుడూ దూరమైనప్పుడు కూడా అదే మాట. కాని ఆ వెంటనే అదే యూసుఫ్ సూరా 84వ ఆయతు, దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడిపోయాయని తెలుపుతోంది. సహనం ఉంది, చూపూ పోయింది. ఒక దైవప్రవక్త హృదయంలో ఈ రెండూ ఒకేసారి ఉన్నాయి. మనసుకు తగిలిన దెబ్బ శరీరాన్ని కుంగదీస్తుందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం విశ్వాసికి అక్కర్లేదు. ఆయన్ని మందలించినవారు ఎవరు? ఇంకా యూసుఫ్‌నే తలచుకుంటూ నశించిపోతావా అని అడిగిన ఇంటివారు. అల్లాహ్ మాత్రం మందలించలేదు. ఆ రాత్రి మసీదులో నేను ఆ ఇంటివారి పక్షాన నిలబడ్డానని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది.

మూసా (అలైహిస్సలాం) తల్లి హృదయం శూన్యమైపోయిందని ఖసస్ సూరా చెబుతోంది. అల్లాహ్ ఆమె హృదయాన్ని గట్టిపరచకపోతే గుట్టు బయటపెట్టేసేది. మాంత్రికుల త్రాళ్లు పాముల్లా కదిలినప్పుడు మూసా (అలైహిస్సలాం) కూడా లోలోపల భయపడ్డారు. భయపడినందుకు ఆయనకు శిక్ష పడలేదు, ధైర్యం చెప్పబడింది.

ఇక వైద్యులు ఏమి కనుగొన్నారో చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల మధ్య నెలల తరబడి గడిపిన సైనికులు మూగబోవడం, వణకడం, నడవలేకపోవడం మొదలైంది. ఒంటిమీద గాయం కనబడదు. చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 1915లో 'లాన్సెట్' పత్రికలో దీన్ని 'షెల్ షాక్' పేరుతో వర్ణించారు. గుండు పేలిన అదురుకు మెదడు దెబ్బతిన్నదని మొదట భావించారు. కాని పేలుడుకు దూరంగా ఉన్నవారిలో కూడా అవే లక్షణాలు కనిపించాయి. అప్పుడు సైన్యాధికారులు తేల్చింది ఏమిటి? వీరిలో చాలామంది పిరికివారని! ఆ యుద్ధంలో పారిపోవడం, పిరికితనం వంటి నేరాలు మోపి బ్రిటిష్ సైన్యం తన వారిలోనే 306 మందిని కాల్చి చంపింది. వారిలో హ్యారీ ఫార్ అనే సైనికుడు 1915లో షెల్ షాక్‌తో నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి వచ్చినవాడు. 1916 అక్టోబరులో అతణ్ణి పిరికితనం నేరం కింద కాల్చేశారు. ఆ 306 మందికి 2006లో, అంటే తొంభై ఏళ్ల తర్వాత, బ్రిటన్ ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ ప్రసాదించింది. చనిపోయినవారికి ఆ కాగితం ఏం చేస్తుంది?

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల మూలంగా 1980లో అమెరికా మానసిక వైద్యులు ఈ స్థితికి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరు పెట్టి తమ రోగాల గ్రంథంలో చేర్చారు. ఇది యుద్ధానికే పరిమితం కాదు. రోడ్డు ప్రమాదం, అగ్నిప్రమాదం, అత్యాచారం, అల్లర్లు, భూకంపం, ఏదైనా దీనికి కారణం కావచ్చు. సామాన్య జ్ఞాపకం 'జరిగిపోయింది' అన్న ముద్రతో మెదడులో నిలుస్తుంది. ఈ జ్ఞాపకానికి ఆ ముద్ర పడదు. అందుకే హారన్ వినగానే గుండె దడ, చెమట, పరుగు తీయాలన్న తపన. ఆలోచన కంటే ముందే శరీరం ప్రమాదాన్ని ప్రకటిస్తుంది. ఆ యువకుడు నిర్ణయించుకుని భయపడటం లేదు.

ఒకే ప్రమాదంలో ఇద్దరుంటే ఒకరు కోలుకుని మరొకరు కుంగిపోతారు. మన మొహల్లాలో వెంటనే పోలిక మొదలవుతుంది: "ఫలానా వాడు చూడు, ఎంత ధైర్యంగా ఉన్నాడో!" 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ పోలికకు సమాధానం లాంటిది. ఒకరు వియత్నాం యుద్ధానికి వెళ్లి, మరొకరు ఇంటి దగ్గరే ఉండిపోయిన ఒకేరూపు కవల సోదరుల మెదళ్లను స్కాన్ చేసి చూశారు. యుద్ధం వల్ల తీవ్రమైన మనోగాయం పాలైనవారిలో హిపోకాంపస్ అనే భాగం చిన్నదిగా ఉంది. యుద్ధం ముఖమే చూడని వారి కవల సోదరుల్లో కూడా అది చిన్నదిగానే ఉంది! అంటే ఆ తేడా యుద్ధం కంటే ముందు నుంచే ఉండి ఉండవచ్చు. అల్లాహ్ ఒక్కొక్కరికీ ఒక్కొక్క దేహాన్ని ప్రసాదించాడు. ఇచ్చినదాన్ని బట్టే లెక్క అడుగుతాడు. ఎవరి వీపు మీద ఎంత బరువు ఉందో తెలియని మనం ఎవరి ఈమాన్‌ను తూచగలం?

దైవప్రవక్త (సఅసం) ఉహుద్ తర్వాత ఏళ్లకు తన పినతండ్రి హంజా (రజి)ను చంపిన వహ్షీ ఇస్లాం స్వీకరించి వచ్చినప్పుడు అతని ఇస్లాంను అంగీకరించారు. కాని నీ ముఖం నాకు కనబడకుండా ఉండగలవా అని అడిగినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. క్షమించారు, ఆ ముఖం చూస్తే కలిగే బాధ మాత్రం ఉంది. ఆ బాధను ఆయన దాచుకోలేదు.

ఇక్కడ వైద్యుల పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. ప్రమాదం జరిగిన వెంటనే బాధితుణ్ణి కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించి భావాలు వెళ్లగక్కిస్తే మనోగాయం మానుతుందని ఒక కాలంలో పాశ్చాత్య దేశాల్లో గట్టిగా నమ్మారు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో కాలిన గాయాల రోగులపై దీన్ని పరీక్షించి 1997లో ఫలితాలు ప్రచురించారు. పదమూడు నెలల తర్వాత, అలా చెప్పించినవారిలో 26 శాతం మందికి ఈ రోగం ఉంది. ఏమీ చేయకుండా వదిలేసినవారిలో 9 శాతం మందికే ఉంది. మేలు చేద్దామని వెళ్లి పుండు కెలికారన్నమాట. మన పరామర్శలు ఎలా ఉంటున్నాయి? మయ్యత్ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతివారూ "ఎలా జరిగింది? నువ్వు చూశావా? రక్తం చాలా పోయిందా?" అని అడుగుతారు. ఆ యువకుడు ఆ కథ ఎన్ని డజన్ల సార్లు చెప్పి ఉంటాడో!

ఇప్పుడు హిరా గుహ నుంచి దైవప్రవక్త (సఅసం) గుండె అదురుతూ ఇంటికి వచ్చిన ఘడియను జ్ఞప్తికి తెచ్చుకోండి. (వహీ అవతరణను ఏదో రోగంతో పోలుస్తున్నానని ఎవరూ పొరబడవద్దు, అల్లాహ్ శరణు! నేను చెబుతున్నది హజ్రత్ ఖదీజా (రజి) ప్రవర్తించిన తీరు గురించి.) తనపై దుప్పటి కప్పమని ఆయన కోరారు. కప్పారు. ఆ భీతి తొలగిపోయిన తర్వాతే ఆయన విషయం చెప్పారని హదీసులో స్పష్టంగా ఉంది. అప్పటిదాకా ప్రశ్నలు లేవు. విన్న తర్వాత ఆమె ఆయన సుగుణాలను ఒక్కొక్కటిగా గుర్తుచేసి అల్లాహ్ మిమ్మల్ని ఎన్నటికీ అవమానపరచడని ధైర్యం చెప్పారు. ఆ తర్వాత తెలిసిన మనిషి దగ్గరికి, వరఖా వద్దకు తీసుకెళ్లారు. నేటి వైద్యులు ఆలస్యంగా నేర్చుకున్నది కూడా దాదాపు ఇదే. ముందు భద్రత, ఓదార్పు, మాట్లాడమని బలవంతపెట్టకపోవడం. నెలలు గడిచినా తగ్గకపోతే నిపుణుడి వద్దకు. అక్కడ క్రమపద్ధతిలో, కొద్దికొద్దిగా ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొనేలా చేసే చికిత్సలు ఉన్నాయి. అవి చాలామందికి మేలు చేస్తున్నాయి. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనుక్కుని మింగడం చికిత్స కాదు. గాయం తగిలిన తొలి నెలలో అలాంటి మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే వైద్యులకు సూచించింది.

చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని అనేవారు కొందరున్నారు. చికిత్స చేయించుకోమని, అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు దించాడని దైవప్రవక్త (సఅసం) ప్రబోధించారు. అందులో దేహరోగమని, మనోరోగమని భేదం లేదు. హిజ్రీ 322లో మరణించిన అబూ జైద్ బల్ఖీ 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అనే గ్రంథంలో దేహానికి, మనసుకు రెంటికీ రోగాలుంటాయని, వైద్యులు మనసును పట్టించుకోవడం లేదని రాశారు. వెయ్యేళ్ల క్రితం మన పండితుడు రాసిన విషయం మదరసాలో చదివిన నాకు తెలియకపోవడం నా లోపమే.

ఫిఖ్‌హ్ మాటకొస్తే, మొలల వ్యాధితో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే ప్రక్కకు పడుకుని నమాజు చేసుకోమని దైవప్రవక్త (సఅసం) అనుమతి ఇచ్చారు. జమాఅత్‌కు రాలేకపోవడానికి ధర్మవేత్తలు అంగీకరించిన కారణాల్లో రోగం ఉంది, భయమూ ఉంది. వారు చెప్పిన భయం శత్రువు వంటి బయటి ప్రమాదం గురించి అన్నది నిజమే. కాని ఈ యువకుడిది భయమే కాదు, రోగం కూడా. కాబట్టి కోలుకునేదాకా అతనికి సడలింపు ఉందని నా అభిప్రాయం. నాకంటే పెద్ద ఉలమా దీన్ని పరిశీలించి చెప్పాలి. నమాజు మాత్రం అతనిపై విధిగానే ఉంది. మనోగాయం మనిషిని బాధ్యత లేనివాడిగా చేయదు, అతని దారిని కొంత తేలిక చేస్తుంది.

నేను అతని ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి చెప్పిన మాట తప్పని, క్షమించమని అడిగాను. అతను చాలాసేపు తల ఎత్తలేదు. చివరికి, "బండి నేనే నడిపాను కదా హజ్రత్" అన్నాడు. అసలు ముల్లు అక్కడుందని అప్పుడు తెలిసింది. దీనికి డాక్టరు కంటే ఆలిమే ముందు జవాబు చెప్పాలి. పొరపాటున ప్రాణం తీసినవాడికి కూడా నిసా సూరా 92వ ఆయతు ఒక మార్గం చూపింది. మృతుని కుటుంబానికి రక్తపరిహారం, వారు మాఫీ చేస్తే అదీ లేదు. బానిసను విడిపించడం, లేదా వరుసగా రెండు నెలల ఉపవాసాలు. అంటే నిజంగా తప్పు జరిగినా దానికి ఒక కొలత ఉంది, ఒక ముగింపు ఉంది. కుంగిన మనసు విధించే శిక్షకు కొలతా లేదు, ముగింపూ లేదు. ఇక ఇతని విషయంలో తప్పే లేదు, వెనుక నుంచి గుద్దింది లారీ. "షరీఅత్ నీ మీద ఒక్క రోజు ఉపవాసం కూడా వేయలేదు, నువ్వు యావజ్జీవం ఎందుకు వేసుకున్నావు?" అని అడిగాను. అప్పుడు ఏడ్చాడు. తండ్రి లోపలి నుంచి వచ్చి అతని పక్కన కూర్చున్నారు.

తర్వాత అతణ్ణి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. చికిత్స నెలల తరబడి సాగింది. వెళ్లడానికి సిగ్గుపడేవారి కోసం ఇప్పుడు ప్రభుత్వ ఉచిత ఫోను సేవ టెలీ మానస్ ఉంది. 14416కు చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు.

నేను ఆ ఊరు వదలక ముందే అతను జుమాకు రావడం మొదలుపెట్టాడు. తలుపు పక్కన, అందరికంటే వెనుక, ఒంటరిగా నిలబడేవాడు. ముందు సఫ్‌లో చోటుండగా వెనుక ఒక్కడే నిలబడటం మక్రూహ్ కదా అని ఒక పెద్దాయన నాకు ఫిర్యాదు చేశారు. మసలా ఆయన సరిగానే చెప్పారు. ఆ అబ్బాయి సంగతి వివరించాను. మరుసటి శుక్రవారం ఆ పెద్దాయన మొదటి సఫ్‌లోని తన చోటు వదిలి వెళ్లి తలుపు దగ్గర అతని పక్కన నిలబడ్డారు.