దానమా, బాకీనా?



2022లో పాకిస్తాన్‌లో వరదలొచ్చి 1,700 మందికి పైగా చనిపోయారు. భూమి వేడెక్కడం వల్లే ఆ వానలు అంతగా ముదిరి ఉంటాయని శాస్త్రవేత్తలు అన్నారు. లోకం వదిలే పొగలో ఆ దేశం వాటా నూటికి ఒక వంతు కూడా లేదు. ఇన్నేళ్లుగా ఆకాశంలో పేరుకున్న పొగలో చాలా భాగం యూరప్, అమెరికాలదే.

ఆ ఏడాదే ఈజిప్టులో జరిగిన సభలో, నష్టపోయిన పేద దేశాలకు ఒక నిధి పెట్టాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మంచిదే. కానీ ధనిక దేశాలు దాన్ని సాయం అంటాయే గానీ పరిహారం అనవు. ఈ నష్టం గురించిన నిబంధన పరిహారానికి ఆధారం కాదని 2015లో పారిస్‌లోనే రాయించుకున్నాయి.

దానం గొప్ప పారమితే. అయితే ఒకరి గుడిసె కాల్చి, ఆనక దుప్పటి ఇస్తే దాన్ని దానమంటామా? కారణం లేకుండా ఏదీ పుట్టదన్నాడు బుద్ధుడు. కారణమైనవాడు ఆ మాట ఒప్పుకోకపోతే మైత్రి ఎక్కడిది? జాలి కాదు, హక్కు అడగమన్నారు బాబాసాహెబ్.

ఇంకో మాట. అలాంటి డబ్బే రేపు మన జిల్లాకొస్తే ఊరి చివరి పేటదాకా చేరుతుందా? ఖండాలను అడిగే ప్రశ్నే మన పంచాయతీనీ అడగండి.

జై భీమ్!