ఏడడుగుల దూరం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి ఫొటోలు తీయడానికి వెళ్ళేవాళ్ళకి మొదటి ఇబ్బంది వెలుతురు కాదు, తేమ. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని తెల్లవారుజామున బయటకి తీస్తే లెన్సు అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది. పావుగంట ఊరికే నిలబడాలి. మూడుసార్లు చేపల వేలంపాట పోగొట్టుకున్నాక గానీ నాకీ సంగతి తెలియలేదు.

నా దగ్గర రెండు లెన్సులున్నాయి. కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 70-300 ఒకటి, చిన్న 35 ఎంఎం ఒకటి. కెమెరా క్రాప్ సెన్సర్‌ది. ఆ ఉప్పుగాలిలో లెన్సు మార్చడమంటే సెన్సర్ మీదికి తుంపరని చేతులారా పిలవడమే. అంచేత ఏది బిగించుకుని వెళ్తే ఆ పూటకి అదే గతి. ఇంట్లో చెప్పులేసుకునేటప్పుడే తేల్చుకోవాలి. అది ఉత్త సాంకేతికమైన నిర్ణయమేనని చాలాకాలం అనుకున్నాను.

ఆ రోజు 70-300 బిగించుకెళ్ళాను. అరవై అడుగుల అవతల ఒక పెద్దావిడ ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూస్తోంది. కళ్ళు తడిగా ఉన్నాయి. 300 దగ్గర ఆ లెన్సు 5.6 కంటే తెరుచుకోదు. చేతి వణుకు కనబడకూడదంటే షట్టరు 1/500 ఉండాలి. సూర్యుడింకా రాలేదు, కాబట్టి ఐఎస్ఓ 6400. బొమ్మ నిండా ఇసుక చల్లినంత గరుకు. ఆ గరుకే దానికి అందమైంది. మా ఫొటో క్లబ్బులో రెండో బహుమతి వచ్చింది. ‘ఎదురుచూపు’ అని పేరు కూడా పెట్టాను. ఇప్పుడా పేరు తలుచుకుంటే చచ్చేంత సిగ్గేస్తుంది.

నాలుగు నెలల తర్వాత ఆ ప్రింటు ఆమెకి ఇవ్వడానికి వెళ్ళాను. మంచిపనే అనుకున్నాను గానీ, నిజానికి మెచ్చుకుంటుందని వెళ్ళాను. చాలాసేపు చూసింది. “ఇది బోటు రాని దినం,” అంది. ఆమె చిన్నకొడుకు వెళ్ళిన బోటు ఇంజను చెడిపోయి రెండ్రోజులు ఆలస్యమైందట. వచ్చాడు, బాగానే ఉన్నాడు. ఆ తర్వాత అడిగింది: “ఎక్కడినుండి తీసినావు బాబూ?” చూపించాను. “అంత దూరం నుండా? నాను నిన్ను సూడనేదే!”

కోపం లేదు. కోప్పడినా బాగుండేది. తన ముఖం తనకి తెలియకుండా అంత దూరం ఎలా వెళ్ళిందా అని ఆలోచిస్తున్నట్టుంది, అంతే.

ఇంటికొచ్చి లెక్క వేశాను. అదే ఫ్రేము 35తో కావాలంటే ఎక్కడ నిలబడాలి? ఏడడుగుల దూరంలో. అక్కడ ఉంటే ఆమె నన్ను చూసేది. కళ్ళు తుడుచుకునేది, లేదా “పో బాబూ, పో” అనేది. నేనైనా “ఏమైందమ్మా?” అని అడగకుండా ఉండగలిగేవాణ్ణి కాదు. ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహమంటారు మన పెద్దలు. ఊరికే నిలబడటానికి కూడా ఆ దూరంలో ఏదో బాధ్యత ఉంది. ఫొటో మాత్రం వచ్చేది కాదు.

అసలు చిక్కు ఇదే. దగ్గరికి వెళ్తే ఆ ముఖం మారిపోతుంది. దూరం నుంచి తీసిందే నిజమైన ముఖం. మరి నిజం పట్టుకోవాలంటే దొంగతనం తప్పదా? పెద్దపెద్దవాళ్ళు తప్పదనే అనుకున్నారు. పాల్ స్ట్రాండ్ 1916లో న్యూయార్క్ వీధుల్లో మనుషుల్ని తీయడానికి కెమెరా పక్కకి ఒక ఉత్తుత్తి లెన్సు బిగించాడు, ఎటో తీస్తున్నాడని వాళ్ళు అనుకునేలా. ‘గుడ్డి’ అని రాసిన పలక మెడలో వేసుకున్న స్త్రీ బొమ్మ ఆ వరసలోదే. వాకర్ ఎవాన్స్ 1938-41 మధ్య న్యూయార్క్ సబ్‌వేలో కాంటాక్స్ కెమెరా కోటు లోపల దాచి, బొత్తాల సందులోంచి లెన్సు బయటపెట్టి ప్రయాణికుల్ని తీశాడు. అవి పుస్తకంగా వచ్చింది 1966లో. అన్నేళ్ళ ఆలస్యంలో కొంత మొహమాటం కూడా ఉందేమోనని నాకనిపిస్తుంది. ఆ బొమ్మలు లేని ప్రపంచం కావాలా అంటే, వద్దనే అంటాను. నా నోటితో నేనే ఆ మాట అన్నాక, హార్బర్లో నేను చేసింది తప్పని ఎలా అనను?

పోనీ, తప్పు లెన్సుదని సరిపెట్టుకుందామంటే అదీ కుదరదు. ఇదే 70-300 పట్టుకుని కొల్లేటి ఒడ్డున ఆటపాక వెళ్ళాను, గూడబాతుల కోసం. అక్కడ దూరంగా ఉండటమే మర్యాద. ఏడడుగులకి వెళ్తే తల్లి గూడు వదిలి లేచిపోతుంది, పిల్లలు ఎండలో మిగిలిపోతాయి. పిట్ట దగ్గర మర్యాదైన దూరం మనిషి దగ్గర ఎందుకు కాలేదు? పిట్ట నన్ను “ఎక్కడినుండి తీసినావు” అని అడగదు కాబట్టా? ఆ జవాబు నాకే నచ్చలేదు. అడగలేని మనుషులు కూడా బోలెడుమంది ఉన్నారు. ఇంకోలా చెప్పాలంటే, ఆటపాకలో నా దూరం పిట్ట కోసం. హార్బర్లో ఆ దూరం నా కోసం. ఆమె బాధ కావాలి గానీ ఆ బాధ దగ్గర నిలబడే ఇబ్బంది నాకొద్దు.

ఆవేళ ఆమె నన్ను అలా పంపలేదు. “ఇంకోటి తియ్యి,” అంది. చెంగు భుజం నిండా కప్పుకుని, బుట్ట పక్కకి జరిపి, నిటారుగా కూర్చుంది. ఏడడుగుల దూరంలో నిలబడి తీశాను. ఆధార్ కార్డు ఫొటోలా వచ్చింది. ఏ క్లబ్బూ దానికి కన్సొలేషన్ కూడా ఇవ్వదు. ఆమె మాత్రం ఇంటికి పట్టుకెళ్ళింది. పాతది నా చేతికే తిరిగిచ్చి, “దీన్ని నువ్వే ఉంచుకో” అంది. ఉంచుకో అంటే ఒప్పుకున్నట్టా, నాకొద్దన్నట్టా? నేను మళ్ళీ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

రేపు ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను. కెమెరాకి 35 బిగించాను. 70-300 కూడా సంచిలో వేసుకున్నాను.